డిగ్రీలో మన ఊరికి ఎన్ని క్రెడిట్లు?

1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేద్దామని చుట్టుపక్కల పల్లెల నుంచి వరంగల్ దగ్గరి పరకాలకు వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 22 మంది ప్రాణాలు పోయాయి. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని పేరుపడ్డ ఆ ఘటన గుర్తుగా 2003లో ఊళ్ళో అమరధామం వెలిసింది. గ్రూప్స్ కొలువు పరీక్షలకు తయారవుతున్న ఏ అమ్మాయిని కదిలించినా తేదీ, సంఖ్య, కట్టడం పేరు టకటకా చెప్పేస్తుంది. ఆ పొద్దు ఎవరెవరు ఏ ఊరి నుంచి బయల్దేరారు, ఎవరు పిలిస్తే వచ్చారు, వాళ్ళలో కౌలుదార్లెందరు, సాలోళ్ళెందరు, పోయినవాళ్ళ ఇండ్లల్లో పొయ్యి ఎట్లా వెలిగింది అని అడిగితే మాత్రం నోరు పెగలదు. తప్పు ఆ అమ్మాయిది కాదు. అట్లాంటి ప్రశ్న వేసే పేపరు ఆమె చదువులో ఏ మెట్టు మీదా తగలలేదు.

టెక్సాస్‌లో, మెక్సికో సరిహద్దును ఆనుకుని పోర్వెనీర్ అనే చిన్న పల్లె ఉండేది. 1918 జనవరి 28న టెక్సాస్ రేంజర్లు తెల్లవారకముందే ఊరి మీద పడి 15 మంది మెక్సికన్ మగవాళ్ళను, వాళ్ళలో పిల్లలు కూడా ఉన్నారు, బయటికి లాక్కుపోయి కాల్చి చంపారు. మిగిలినవాళ్ళు నది దాటి మెక్సికోకు పోయారు. హారీ వారెన్ అనే బడిపంతులు చనిపోయినవాళ్ళ పేర్లు, వయసులు రాసిపెట్టాడు. మరుసటి ఏడు హోసె టోమాస్ కనాలెస్ అనే శాసనసభ్యుడు రేంజర్ల ఆగడాల మీద విచారణ జరిపించాడు. ఆ తర్వాత బడి పుస్తకాల్లో దాదాపు వందేళ్ళు ఆ ఊసే లేదు. 2018లో మోనికా మునోజ్ మార్టినెజ్ అనే చరిత్రకారిణి అట్లా మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు దాచుకున్న కాగితాలు, నోటిమాటలు పోగుచేసి పుస్తకం రాశారు. సర్కారు స్మారక ఫలకం కూడా ఆ ఏడే వచ్చింది.

రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టింది చావుల లెక్క పోల్చడానికి కాదు. పోర్వెనీర్ కథ ఇవాళ అమెరికా కాలేజీల్లో మెక్సికన్-అమెరికన్ స్టడీస్ అనే చదువులో పాఠం. ఇంజినీరింగ్ చదివే పిల్లవాడైనా, నర్సింగ్ చదివే పిల్లయినా దాన్ని మైనర్‌గా తీసుకోవచ్చు. మైనర్ అంటే పట్టా వచ్చే ప్రధాన సబ్జెక్టు పక్కన ఒక పద్ధతిగా చదివే రెండో సబ్జెక్టు. అక్కడి నాలుగేళ్ళ డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు, మైనర్‌కు 15 నుంచి 18. అంటే అయిదారు కోర్సులు. చరిత్ర, సాహిత్యం, వలసలు, చట్టం, సంగీతం ఇవన్నీ ఒకే జనసమూహం చుట్టూ తిరుగుతాయి. మన దగ్గర కూడా యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రంలో మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మైనర్‌కు 24 అని రాసి ఉంది. ఆంధ్రప్రదేశ్ 2023-24 నుంచి ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి మొదలుపెట్టింది. గది కట్టి ఉంచారు. అందులోకి ఎవరిని పిలుస్తాం అన్నదే ఇక తేలాలి. పరకాల విద్యార్థి ముందు తెలంగాణ చదువు మైనర్ రూపంలో ఇంతవరకు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదన్నది చూడాలంటే అరవై ఏళ్ళు వెనక్కి పోవాలి.

1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్‌లో వేలమంది హైస్కూలు పిల్లలు క్లాసులు వదిలి రోడ్డెక్కారు. స్పానిష్ మాట్లాడితే శిక్ష వేసే బడులు, కాలేజీ దారి మూసి చేతిపనుల వైపు తోసే సలహాలు, తమవాళ్ళ పేరే రాని చరిత్ర పుస్తకాలు వాళ్ళ కోపానికి కారణం. వెంట నిలబడ్డ సాల్ కాస్ట్రో అనే టీచర్‌ను అరెస్టు చేశారు. ఆ ఏడాదే కాల్ స్టేట్ లాస్ ఏంజెలెస్‌లో దేశంలోకెల్లా మొదటి మెక్సికన్-అమెరికన్ స్టడీస్ విభాగం తెరిచారు. శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి, ఆసియా, లాటిన్, ఆదివాసీ విద్యార్థులు కలిసి నవంబరు నుంచి మరుసటి మార్చి దాకా సమ్మె చేసి ఇట్లాంటి చదువులకు విడిగా ఒక కాలేజీనే సాధించుకున్నారు. 1969 ఏప్రిల్‌లో శాంటా బార్బరాలో విద్యార్థులు, పంతుళ్ళు కూర్చుని ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఊళ్ళతో సంబంధం ఎట్లా ఉండాలి అని ప్రణాళిక రాసుకున్నారు. 1970లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కేంద్రం వచ్చింది.

సరిగ్గా ఆ నెలల్లోనే మన దగ్గర ఏం జరిగిందో తెలిసిందే. 1969 జనవరిలో ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నాడు, నెల తిరగకుండానే తెలంగాణ కాలేజీలన్నీ కదిలాయి. స్థానికుల కొలువుల కోసం 1952లో వరంగల్‌లో మొదలైన ముల్కీ గొడవకు అది పెద్ద రూపం. అక్కడా పిల్లలే, ఇక్కడా పిల్లలే. అక్కడివాళ్ళు పాఠం అడిగారు, ఇక్కడివాళ్ళు కొలువు అడిగారు. 1973 ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, 1985లో 610 జీవో, వరసపెట్టి చూడండి, ఆ కొట్లాటకు సర్కారు ఇచ్చిన జవాబులన్నీ ఎక్కువగా నౌకరీల లెక్కలే. అడగడంలో తప్పు లేదు. స్థానికులకు దక్కాల్సిన ఉద్యోగం కళ్ళ ముందు పోతుంటే సిలబస్సు గురించి ఎవరు కూర్చుని మాట్లాడతారు? కానీ ఫలితం ఇవాళ్టికీ కనబడుతున్నది. ఉద్యమం అక్కడ కాలేజీలోకి పోయింది. ఇక్కడ కొలువు పరీక్షలోకి పోయింది.

ఈ మాట ఊరికే అనడం లేదు. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, 2015లో, పబ్లిక్ సర్వీస్ కమిషన్ సిలబస్సు మార్చింది. తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం అనేది గ్రూప్-2లో 600 మార్కులకు 150 మార్కుల పూర్తి పేపరైంది. గ్రూప్-1 మెయిన్స్‌లోనూ అదే అంశానికి 150 మార్కుల పేపరుంది. 1948 నుంచి 1970 ఒక దశ, 1971 నుంచి 1990 రెండో దశ, 1991 నుంచి 2014 మూడో దశ అని గీతలు గీసి ఇచ్చారు. ఒక ప్రాంతపు పోరాట చరిత్రను సర్కారు కొలువుకు అర్హతగా పెట్టడం చిన్న సంగతి కాదు. అమెరికాలో ఏ రాష్ట్రమూ మెక్సికన్-అమెరికన్ చరిత్రకు ఇంత బరువైన మార్కులిచ్చి గుమాస్తాలను, తహసీల్దార్లను తీసుకున్న దాఖలా లేదు. ఆ పేపరు వల్లే లక్షలమంది పిల్లలకు ముల్కీ అంటే ఏమిటో, పెద్దమనుషుల ఒప్పందం ఎప్పుడైందో తెలిసింది. ఆ మేలు ఒప్పుకోవాలి.

అయితే గ్రూప్-2 పేపరు బిట్లది. నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దాలి. బిట్టుకు తెగని సంగతి ఏదైనా అందులోంచి జారిపోతుంది. పరకాల కాల్పులు ఎప్పుడు అనేది బిట్టు. పరకాల కాల్పుల గురించి అప్పటి ఉర్దూ కాగితం ఏమంది, ఊరి ముసలవ్వ ఏమంటుంది, రెండూ కలవకపోతే ఎవరిని నమ్మాలి అనేది బిట్టు కాదు. చదువంటే ఈ రెండోది. కోచింగ్ సెంటర్ మొదటిదాన్ని బాగా చెబుతుంది, దాని పనే అది. రెండోది కాలేజీ చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

తమాషా ఏమిటంటే ఈ పనిలో మనం వెనకబడి లేము, ముందు మొదలుపెట్టినవాళ్ళం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టినప్పుడు రాజ్యం భాష వేరు, జనం భాష వేరు. తెలంగాణలో కవులే లేరన్న మాట వినబడితే సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి జవాబు చెప్పారు. మా వాళ్ళ పేర్లేవి అని 1968లో లాస్ ఏంజెలెస్ పిల్లలు అడిగిన ప్రశ్నకు, 34 ఏళ్ళ ముందే హైదరాబాదు రాజ్యంలో ఒక పత్రికా సంపాదకుడు ఇచ్చిన జవాబు అది. ఇంకో జత చూడండి. ఆస్టిన్‌లో మెక్సికన్-అమెరికన్ చదువుకు పునాది వేసిన అమెరికో పరేదెస్ జానపద పరిశోధకుడు. రేంజర్లను ఎదిరించిన గ్రెగోరియో కోర్తెజ్ మీద సరిహద్దు జనం కట్టుకున్న పాటను 1950ల్లో పరిశోధించి పుస్తకం తెచ్చాడు. ఆ దశాబ్దంలోనే వరంగల్ జిల్లా బిడ్డ బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేశారు. పరేదెస్ పాట నుంచి ఒక విభాగం పుట్టింది. రామరాజు పాటల నుంచి గొప్ప శిష్యులు పుట్టారు, సిద్ధాంత గ్రంథాలు పుట్టాయి. బి.కాం. చదివే కుర్రాడి దాకా అవి చేరే దారి మాత్రం ఎవరూ వేయలేదు.

పరకాలకు దగ్గర్లో ఆత్మకూరు మండలం అక్కంపేటలో పుట్టిన జయశంకర్ సారు అర్థశాస్త్రం పంతులు, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేసినవారు. తెలంగాణ గురించి ఆయన జీవితమంతా చెప్పిన పాఠంలో ఎక్కువ భాగం తరగతి గది బయటే, సభల్లో, కరపత్రాల్లో చెప్పాల్సొచ్చింది. ఆయన పేరు మీద ఇప్పుడు ఒక జిల్లా ఉంది, ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆయన చెప్పిన అంశానికి డిగ్రీలో ఒక మైనర్ ఉంటే సారుకు ఇంకా నచ్చేదేమో.

ఇవాళ ఎక్కడేముందో తిరిగి చూస్తే బొమ్మ ఇట్లా ఉంటుంది. పదో తరగతి సాంఘికశాస్త్రంలో తెలంగాణ రాష్ట్ర సాధన ఉద్యమం మీద పాఠం ఉంది. డిగ్రీలో బి.ఏ. చరిత్ర తీసుకున్నవారికి తెలంగాణ చరిత్ర వస్తుంది, బి.ఎస్సీ., బి.కాం. వాళ్ళకు దాని వాసన తగలడం కష్టం, డిగ్రీ సీట్లిచ్చే దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. ఆపైన మళ్ళీ సంపద కనబడుతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జానపద సంస్కృతి అధ్యయనాలకు ఒక కేంద్రం, దళిత ఆదివాసీ అధ్యయనాలకు ఒక కేంద్రం ఉన్నాయి. మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో షేర్వాణీ పేరిట దక్కన్ అధ్యయన కేంద్రం ఉంది. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. అన్నీ పైచదువు, పరిశోధన మెట్టు మీదివే. కింద బడిలో ఒక మెట్టు, పైన పీహెచ్‌డీలో ఒక మెట్టు కట్టి, నడుమ డిగ్రీ మెట్టు వదిలేశాం. పిల్లల్లో ఎక్కువమంది చదువు ఆగేది ఆ నడుమనే.

ములుగు సంగతి ఇంకా చిత్రం. 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసి సమ్మక్క సారక్క పేరిట కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఇచ్చింది. మేడారం జాతరకు పోయే దారిలో ఉన్న ఆ విశ్వవిద్యాలయం మొదట తెరిచిన డిగ్రీ కోర్సులు ఇంగ్లీషు, అర్థశాస్త్రం. రెండూ అక్కరకొచ్చేవే, కాదనను. కానీ పేరులో సమ్మక్క సారక్క ఉండి, పాఠంలో కోయ చరిత్ర తర్వాతెప్పుడో రావడం మన పద్ధతికి అద్దం. పేరు పెట్టడంలో మనకు ఆలస్యం ఉండదు.

ఇక ఎవరికైనా మొదట వచ్చే అనుమానం: గిది సదివితే ఏం కొలువొస్తది సారూ? ఈ ప్రశ్న అమెరికాలోనూ ఇంతే గట్టిగా అడుగుతారు. నిజాయితీగా చెబితే, ఒంటరి పట్టాగా ఈ చదువు తిండి పెట్టడం అక్కడా కష్టమే. పక్కచదువుగా మాత్రం పనికొస్తుంది. 2020 జనగణన ప్రకారం టెక్సాస్ జనంలో 39 శాతానికి పైగా హిస్పానిక్ వాళ్ళు. అట్లాంటి చోట నర్సు, టీచరు, వకీలు, సామాజిక కార్యకర్త ఎదుటి మనిషి ఇంటి కథ తెలిసి పనిచేయడం వేరు. కాలిఫోర్నియాలో 2020లో వచ్చిన చట్టం కాల్ స్టేట్ విశ్వవిద్యాలయాల్లో ప్రతి డిగ్రీ విద్యార్థీ మూడు క్రెడిట్ల ఎథ్నిక్ స్టడీస్ చదవాలన్నది, దాంతో ఆ పాఠం చెప్పేవాళ్ళకు గిరాకీ వచ్చింది. మన దగ్గర లెక్క ఇంకా సులువు. గ్రూప్-2లో నాలుగో వంతు మార్కులు ముందే ఖాయమై ఉన్నాయి. బి.ఎస్సీ. మేజర్, తెలంగాణ మైనర్ చేసిన పిల్ల డిగ్రీ అయ్యాక కోచింగ్ సెంటర్ల అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు. కోచింగ్ ఫీజు మిగలడం కూడా ఒక విద్యా విధానమే.

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళకు ఇందులో ఇంకో కోణం ఉంది. డాలస్ చుట్టూ పెరుగుతున్న తెలుగు పిల్లలు మెక్సికన్-అమెరికన్ స్టడీస్ మైనర్ తీసుకుంటామంటే ఇంట్లో పెద్దలు మనకెందుకమ్మా అంటారు. కారెన్ లెనర్డ్ పుస్తకాలు చూస్తే ఆ మాట అనరు. కాలిఫోర్నియాలో పనిచేసిన ఈ చరిత్రకారిణి మొదట హైదరాబాదు కాయస్థుల మీద 1978లో పుస్తకం రాశారు. 1992లో ఇంపీరియల్ వ్యాలీ పొలాల్లో మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడిన పంజాబీ రైతుల కుటుంబాల మీద రాశారు. 2007లో దేశదేశాల్లోని హైదరాబాదీల మీద రాశారు. మూడూ ఒకే మనిషి పని. వలసపోయిన జనం గురించి ఒక చోట నేర్చిన చూపు ఇంకో చోట పనికొస్తుందనడానికి ఇంతకన్నా రుజువు వెతకనక్కర్లేదు. భివండీకి, సూరత్‌కు మగ్గాల పనికి తరలిపోయిన మన పద్మశాలీల కథ రాయబోయేవాళ్ళకు కాలిఫోర్నియా తోటల్లో మెక్సికన్ కూలీల మీద వచ్చిన పుస్తకాలు పాఠాలే.

ఇట్లాంటి చదువుకు గండాలూ ఉంటాయి. అరిజోనాలోని టూసాన్ బడుల్లో మెక్సికన్-అమెరికన్ స్టడీస్ బాగా నడుస్తుంటే, అది ఒక జాతి మీద ద్వేషం నూరిపోస్తున్నదని 2010లో రాష్ట్రం చట్టం చేసింది. 2012 జనవరిలో తరగతులు మూసి, పుస్తకాలు డబ్బాల్లోకి ఎక్కించారు. 2017లో ఫెడరల్ జడ్జి తషీమా ఆ నిషేధం వెనక జాతి వివక్షే ఉందని తీర్పిచ్చారు. తీర్పు వచ్చేసరికి ఒక తరం పిల్లలు బడి దాటిపోయారు.

మన గండం నిషేధం కాదు, ఉత్సవం. హైదరాబాదు రాజ్యం భారత్‌లో కలిసిన సెప్టెంబరు 17కు ఇప్పుడు ఎన్ని పేర్లు! 2022 నుంచి కేంద్రం విమోచన దినం అంటున్నది, ఆ ఏడాది రాష్ట్ర సర్కారు సమైక్యతా దినం అన్నది, సర్కారు మారాక 2024లో ప్రజాపాలన దినోత్సవం అయింది. పరకాలలో జెండా పట్టి చనిపోయినవాళ్ళ కథ, దొరల గడీల మీద తిరగబడ్డ సంఘపోళ్ళ కథ, ఆ కలయికకు దారితీసిన పోలీసు చర్య తర్వాత ఊళ్ళల్లో చనిపోయిన ముస్లింల కథ మూడూ ఈ నేల మీదివే. మూడోదాని మీద సుందర్‌లాల్ కమిటీ 1948లోనే నివేదిక రాసింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయారని దాని అంచనా. దశాబ్దాలు అది బయటికి రాలేదు. ఆ కాలపు ముస్లింల జ్ఞాపకాల మీద 2023లో అఫ్సర్ మహమ్మద్ పుస్తకం వచ్చింది, ఆయన ఖమ్మం ప్రాంతం వారు, పాఠం చెప్పేది అమెరికాలో. మన ఊళ్ళ చరిత్ర ఫిలడెల్ఫియాలో క్లాసుకు పనికొచ్చి హనుమకొండలో పనికిరాకుండా పోతుందా? మైనర్ పెట్టి మొదటి కథ ఒక్కటే చెబితే అది పూలదండ వేసే కార్యక్రమం అవుతుంది. మూడూ ఒకే బల్ల మీద పెట్టే ధైర్యం లేకపోతే పెట్టకపోవడమే నయం.

24 క్రెడిట్లలో ఏం పట్టిస్తాం? నా లెక్కలో సగం తరగతి గది బయట ఖర్చు కావాలి. కాకతీయుల చెరువుల నుంచి రామప్ప దాకా ఒక కోర్సు చాలు, దాన్ని ఇప్పటికే బాగా చెబుతున్నారు. నిజాం నాటి రెవెన్యూ కాగితాలు చదవాలంటే ఉర్దూ లిపి రావాలి, అది నేర్పే నాలుగు క్రెడిట్లు తప్పనిసరి చేయాలి. ఈ ఒక్క పని చేసినా మిగతా తెలంగాణ అంతటికీ పరకాల దారి చూపినట్టే, ఎందుకంటే మన పాత దస్తావేజులను చదవగలిగే తెలుగు పిల్లలు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. నోటి చరిత్ర సేకరణకు ఇంకో కోర్సు: మాట ఎట్లా అడగాలి, ఎట్లా రికార్డు చేయాలి, చెప్పినవాళ్ళ అనుమతి ఎట్లా తీసుకోవాలి. పత్తి మీద ఒకటి ఉండాల్సిందే. 1997-98లో పురుగు తిని, మందు పనిచేయక, అప్పు తీరక వరంగల్ జిల్లా పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న కాలం గురించి అర్థశాస్త్రం, కీటకశాస్త్రం, చరిత్ర కలిపి చెప్పగల చోటు పరకాల మార్కెట్టు కన్నా వేరే ఏముంది? బి.ఎస్సీ. విద్యార్థికి ఈ మైనర్ ఎందుకో ఆ ఒక్క కోర్సే జవాబు. మిగిలినవి వలస, కుల వృత్తులు, మేడారం. పేర్లు ఎవరైనా పెట్టుకోవచ్చు.

పంతుళ్ళేరీ అంటారు. ఖాళీలు ఉన్నమాట నిజం. అయినా ఇది కొత్త విభాగం అడగడం లేదు. చరిత్ర, తెలుగు, ఉర్దూ, అర్థశాస్త్రం, వృక్షశాస్త్రం చెబుతున్నవాళ్ళే తలా ఒక కోర్సు పంచుకోవచ్చు. అమెరికాలోనూ చాలా కాలేజీల్లో మైనర్ ఇట్లా పంచుకునే నడుస్తుంది. పాఠ్యప్రణాళిక ఆమోదానికి కాకతీయ విశ్వవిద్యాలయం బోర్డుల చుట్టూ తిరగాలి, అది ఏడాదో రెండేళ్ళో పడుతుంది.

అన్నాళ్ళు ఆగాల్సిన అవసరం లేని పని ఒకటుంది. సర్కారు డిగ్రీ కాలేజీల్లో జిజ్ఞాస పేరుతో విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టుల పోటీ నడుస్తూనే ఉంది. 1947లో పదేళ్ళున్నవారికి ఇప్పుడు తొంభై దగ్గరపడింది. పరకాల, శాయంపేట, రేగొండ, ఆత్మకూరు ఊళ్ళల్లో ఆ సెప్టెంబరు యాది ఉన్నవాళ్ళు ఇంకా ఎందరున్నారో వెతికి, పేరు, ఊరు, మాట రాసి, కాలేజీ గ్రంథాలయంలో ఒక ప్రతి పెట్టండి. ఈసారి ప్రాజెక్టు అంశాలు ఖాయం చేసే అధ్యాపకులు దీన్ని జాబితాలో మొదట రాయాలని నా మనవి.